చామనఛాయ ముఖానికి ఏ లేజర్?



"డాక్టరుగారూ, ముఖం మీద ముడతలకు ఏ లేజర్ మంచిది?" ఇదివరకు సినిమావాళ్లే అడుగుతారనుకున్న ప్రశ్న ఇది. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, రిటైరైన ఇంజినీర్లు, కూతురి పెళ్లి పెట్టుకున్న తల్లులు, అందరూ అడుగుతున్నారు. అడగడంలో తప్పేమీ లేదు. ముఖం కళగా ఉండాలనే కోరిక వయసుతో పాటు పోవాలని ఎక్కడా లేదు. నాకు బెంగ కలిగించేది వేరే సంగతి. చాలామంది మా గదిలోకి అడుగుపెట్టేసరికే యంత్రం పేరు ఖాయం చేసుకుని వస్తున్నారు. హోర్డింగు మీద చూశామంటారు, వదినగారు చేయించుకున్నారంటారు, ఫోన్లో వీడియో వచ్చిందంటారు. యంత్రం పేరు ఆఖరున తేలవలసిన విషయం. అంతకన్నా ముందు మీ ముడత ఎలాంటిదో తేలాలి, మీ చర్మం రంగుకు ఎంత వేడి పడుతుందో తేలాలి. మన తెలుగువాళ్ల చామనఛాయ ముఖాలకు ఈ రెండోది ప్రాణం లాంటిది. అందుకని ఇవాళ దాని గురించే ఎక్కువ చెబుతాను.

ముందు ముడతల సంగతి చూద్దాం. ఆ మధ్య తెనాలి వైపు నుంచి ఒక టీచరమ్మ వచ్చారు. యాభై దాటాయి. "అన్నీ తీసేయండి" అన్నారు. చేతికి అద్దం ఇచ్చి, కిటికీ వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి, నవ్వమన్నాను. కంటి చివరల్లో గీతలు విచ్చుకున్నాయి. నవ్వు ఆపమన్నాను. ముప్పాతిక భాగం మాయమయ్యాయి. అవి కండరం ముడిస్తే వచ్చే గీతలు. కనుబొమల మధ్య నిలువుగా పడే గీతలూ అంతే. వాటిని తగ్గించేది కండరాన్ని కొంతకాలం సడలించే బొట్యులినం ఇంజెక్షన్, అంటే అందరూ బోటాక్స్ అనే మందు. దాని ప్రభావం మూడు నాలుగు నెలలు ఉంటుంది. లేజర్‌తో చర్మాన్ని ఎంత సాపు చేసినా కింద కండరం లాగుతూనే ఉంటే ఆ గీత మళ్లీ పడుతుంది.

తర్వాత ఆవిడ చెంప మీద రెండు వేళ్లు ఆనించి, చెవి వైపు కొంచెం పైకి జరిపాను. ముక్కు పక్కనుంచి పెదవి మూలకు దిగే గాడి కనపడకుండా పోయింది. "అదిగో, అలా కావాలి నాకు" అన్నారు సంబరంగా. అది ముడత కాదమ్మా, చెంప జారడం వల్ల పడిన మడత అని చెప్పాల్సి వచ్చింది. వయసుతో చెంపలోని కొవ్వు తరుగుతుంది, ఎముక కూడా కొంత అరుగుతుంది, పైనున్న చర్మం కిందికి దిగుతుంది. దానికి లోపల ఖాళీని నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లున్నాయి, శస్త్రచికిత్స ఉంది. చర్మం పైపొరల్లో పనిచేసే లేజర్ ఆ మడతను మాయం చేయలేదు. ఇక చెంపల మీద, కింది రెప్పల దగ్గర, పై పెదవి మీద, కదిలినా కదలకపోయినా ఉండే సన్నని గీతలు మిగిలాయి. చర్మం పలచబడి, ఎండకు గరుకెక్కి పడిన గీతలవి. లేజర్‌కు అసలు పని ఉన్నది అక్కడే. ఆ టీచరమ్మ ముఖంలో లేజర్ వంతు మూడో భాగమే. ఈ పరీక్ష మీరు ఇంట్లో అద్దం ముందు చేసుకోవచ్చు. ఇది చేయకుండానే లేజర్ ప్యాకేజీ ధర చెప్పే చోట ఎక్కువసేపు కూర్చోకండి.

ఆ సన్నని గీతలకు ముఖ్య కారణం ఎండ. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఫొటో వచ్చింది. 69 ఏళ్ల అమెరికా ట్రక్కు డ్రైవరు, 28 ఏళ్లు సరుకుల బండి నడిపాడు. అక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి కిటికీ అద్దం గుండా వచ్చిన ఎండంతా ఎడమ చెంప మీదే పడింది. ఆ చెంప దళసరెక్కి, గాళ్లు పడి, కుడి చెంప కన్నా ఎన్నో ఏళ్లు ముసలిదైనట్టుంది. అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ అనే రకం మామూలు కిటికీ అద్దంలోంచి లోపలికి వచ్చేస్తుంది. చర్మం బిగువుకు ఆధారమైన కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగుల్ని అది ఏళ్ల తరబడి దెబ్బతీస్తుంది.

మరి లేజర్ ఏం చేస్తుంది? ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగును ఒకచోట గురిపెడుతుంది. ఏ తరంగదైర్ఘ్యాన్ని ఏ పదార్థం పీల్చుకుంటుందన్న దాని మీదే వైద్యమంతా ఆధారపడి ఉంది. ముడతలకు వాడే లేజర్లు చాలావరకు చర్మంలోని నీటిని గురిపెడతాయి. నీరు వేడెక్కితే పైపొర ఆవిరవుతుంది, లేదా పొర అలాగే ఉండి లోపలి కణజాలం వేడెక్కుతుంది. ఆ గాయాన్ని మాన్పే క్రమంలో శరీరం కొత్త కొల్లాజెన్ తయారు చేసుకుంటుంది. ముడతను పూడ్చేది ఆ కొత్త కొల్లాజెనే. అంటే లేజర్ వైద్యం ఒక లెక్క ప్రకారం చేసే గాయం. ఈ మాట విని భయపడకండి, కానీ మరిచిపోకండి. గాయం మానడంలో మన చర్మానికీ, యూరోపియన్ల చర్మానికీ తేడా ఉంది.

మొదటి లేజర్ 1960 మే నెలలో అమెరికాలో థియొడోర్ మైమన్ చేతుల మీదుగా వెలిగింది. కొద్ది కాలానికే సిన్సినాటిలో లియాన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యుడు దాన్ని చర్మం మీద పరీక్షించడం మొదలుపెట్టారు. 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టింది మన దేశంలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తుండగా కనిపెట్టారు. ముడతల వైద్యంలో ఇవాళ్టికీ పెద్దన్న లాంటి లేజర్ అదే. 1983లో హార్వర్డ్ పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ సైన్స్ పత్రికలో ఒక సూత్రం ప్రకటించారు. సరైన తరంగదైర్ఘ్యం, సరైనంత తక్కువ వ్యవధి ఎంచుకుంటే కావలసిన దాన్నే వేడిచేసి పక్కవాటిని వదిలేయవచ్చని దాని సారాంశం. ఆ తర్వాత 1990ల్లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ముఖం మొత్తం పైపొర తీసేసే వైద్యం అమెరికాలో జోరుగా సాగింది. ముడతలు బాగా తగ్గిన మాట నిజం. కానీ కొందరిలో చాలా నెలల తర్వాత ముఖం పాలిపోయి, మెడ దగ్గర గీత గీసినట్టు రంగు తేడా వచ్చింది. తెల్లటి చర్మాల సంగతే అలా ఉంటే, మన మాట వేరే చెప్పాలా?

2004లో పరిస్థితి మారింది. ఆండర్సన్ బృందమే ఫ్రాక్షనల్ పద్ధతిని తెచ్చింది. ముఖమంతా ఒకేసారి కాల్చకుండా, వెంట్రుక మందంలో సన్నని చుక్కలు చుక్కలుగా కాల్చి, చుక్కకూ చుక్కకూ మధ్య చర్మాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. పొలంలో అక్కడక్కడా గుంటలు పెడితే చుట్టూ ఉన్న గడ్డి అల్లుకుని పూడ్చేసినట్టు, వదిలేసిన చర్మంలోని కణాలు పక్కకు పాకి ఆ చుక్కల్ని పూడుస్తాయి. గాయం తొందరగా మానుతుంది, మచ్చ పడే ప్రమాదం తగ్గుతుంది. మన రంగు వాళ్లకు ముడతల లేజర్ గురించి ధైర్యంగా మాట్లాడే వీలు నిజంగా అప్పుడే వచ్చింది.

ఇప్పుడు రంగు దగ్గరికి వద్దాం. హార్వర్డ్‌లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి విభజించారు. తర్వాత అది ఆరు రకాలుగా స్థిరపడింది. ఒకటో రకం ఎండలో కందిపోతుందే గాని నల్లబడదు. ఆరో రకం కందదు, ముదురు నలుపుగా ఉంటుంది. మన తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. ఈ రంగు మనకు చేసే మేలు తక్కువేమీ కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండను అడ్డుకుంటుంది కాబట్టి తెల్లవాళ్ల కన్నా మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి. వాళ్లకు ముడతలు ముందొస్తాయి, మనకు మచ్చలు ముందొస్తాయి. చిన్న మొటిమ గిల్లితేనే నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోయే చర్మం మనది. దోమ కుట్టినా, నూనె చుక్క చిట్లినా మానిన చోట నలుపు మిగులుతుంది. లేజర్ చేసేదీ గాయమే అన్నాను కదా. వేడి ఎక్కువైతే గాయం మానాక, ఎరుపు తగ్గుతుండగా, మూడు నాలుగు వారాలకు ఆ చోటంతా నల్లబడుతుంది. సన్నని గీతల కోసం వెళ్లిన మనిషి వాటికన్నా దూరం నుంచి కనపడే నలుపు తెచ్చుకుంటుంది. ఇది చాలామందిలో నెలల మీద తగ్గుతుంది. కానీ ఆ నెలలు ఎంత కష్టంగా గడుస్తాయో, పెళ్లిళ్లకు పోవడం మానేసి, మాటిమాటికీ అద్దం చూసుకుని కుమిలిపోయే వాళ్లను చూసిన నాకు తెలుసు. లేజర్ ఎంపిక మీద నేను పట్టుగా మాట్లాడేది అందుకే.

అందుకని ఫోన్లో కనపడే ముందూ తర్వాతా ఫొటోల్ని చూసి మోసపోకండి. వాటిలో చాలా ముఖాలు ఒకటో రకం, రెండో రకం చర్మాలవి. డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న "నా రంగు వాళ్లకు మీరు చేసిన ఫొటోలు చూపిస్తారా?" అన్నది. పేర్లు, కళ్లు దాచి, అనుమతి తీసుకున్నవాళ్ల ఫొటోలు చూపించగలరు. చూసేటప్పుడు రెండు ఫొటోల్లో వెలుతురు ఒకే వైపు నుంచి పడిందా, ముఖం ఒకే భావంతో ఉందా అన్నది గమనించండి. పక్కనుంచి లైటు వేస్తే గీతలు లేస్తాయి, ఎదురుగా వేస్తే మాయమవుతాయి. పైసా ఖర్చు లేని వైద్యం అది.

ఇక రకాల సంగతి. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. చుక్కల్లో చర్మాన్ని ఆవిరి చేస్తుంది, చుట్టూ కొంత వేడి మిగులుస్తుంది. ఆ వేడే చర్మాన్ని బిగిస్తుంది, మన రంగుకు నలుపు తెచ్చేదీ ఆ వేడే. లోతైన గీతలకు బలమైన మందు. ఎర్బియం యాగ్ లేజర్ 2,940 నానోమీటర్లది. నీరు దీన్ని కార్బన్ డయాక్సైడ్ కిరణాన్ని పీల్చుకున్న దానికన్నా పది రెట్లకు పైగా పీల్చుకుంటుంది. అందుకని శుభ్రంగా పలచగా తీస్తుంది, చుట్టూ వేడి తక్కువ మిగులుతుంది, ఎరుపు త్వరగా పోతుంది. బిగింపు కొంచెం తక్కువ. మూడోది చర్మం పైపొరను తీయనిది, నాన్ అబ్లేటివ్ ఫ్రాక్షనల్ అంటారు. 1,550 నానోమీటర్ల ఎర్బియం గ్లాస్ లేజర్ ఈ కోవలోది. పైపొర నిలిచే ఉంటుంది, లోపల వేడి చుక్కలు పడతాయి. రెండు మూడు రోజులు ఎరుపు, కాస్త వాపు, అంతే. కానీ ఒకసారికి తేలదు. నెలకోసారి చొప్పున మూడు నుంచి ఐదు సార్లు చేయాలి.

నాలుగో రకం, ఐదో రకం చర్మం, సన్నని గీతలు, మొదటిసారి లేజర్ చేయించుకునే మనిషి అయితే నా ఓటు ఈ మూడోదానికే. గాయం చిన్నది, తొందర లేదు, తేడా వస్తే మధ్యలో ఆగిపోవచ్చు. పై పెదవి మీద లోతుగా పడిన గీతలకు మాత్రం ఎర్బియం యాగ్ గానీ, తక్కువ సాంద్రతతో ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ గానీ ఆలోచిస్తాను. మన చర్మానికి చుక్కల లోతు కన్నా వాటి సాంద్రత ఎక్కువ చేటు చేస్తుంది. చుక్కలు దగ్గర దగ్గరగా పడితే వేడంతా ఒకచోట చేరుతుంది. ఒక్కసారిలో ఫలితం చూపిస్తామని సాంద్రత పెంచే చోట చామనఛాయ ముఖం పెట్టకూడదు.

ముడతల పేరుతో అమ్మే ఇంకొన్ని ఉన్నాయి. ముఖానికి నల్లటి కార్బన్ పూత పూసి టపటపమని కొట్టే కార్బన్ ఫేషియల్, లేజర్ టోనింగ్ అనేవి క్యూ స్విచ్‌డ్ యాగ్ లేజర్‌తో చేసేవి. కొన్నాళ్లు ముఖం తేటగా కనపడుతుంది. ముడతలకు అది వైద్యం కాదు. టోనింగ్ అదే పనిగా చేయించుకుంటే కొందరికి ముఖం మీద చిన్న చిన్న తెల్లమచ్చలు వస్తాయి, అవి తేలిగ్గా పోవు. ఐపీఎల్ అన్నది లేజర్ కాదు, అనేక తరంగదైర్ఘ్యాలు కలిసిన వెలుగు. మెలనిన్ దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి మన రంగు మీద కాలిన మచ్చలు పడే ప్రమాదం ఉంది. సూదుల ద్వారా రేడియో ఫ్రీక్వెన్సీ పంపే పద్ధతి మరొకటి. అది వెలుగు కాదు కాబట్టి చర్మం రంగుతో దానికి పేచీ తక్కువ. కొందరికి లేజర్ కన్నా అదే నయం. దాన్ని కూడా లెక్క తెలిసిన చెయ్యే పట్టుకోవాలి.

ఎవరు ఆగాలో చెబుతాను. మంగు మచ్చలున్న వాళ్లు. చెంపల మీద గోధుమ రంగు మంగు ఉన్నవాళ్లకు వేడి తగిలితే అది మరింత ముదురుతుంది. ముందు మంగును అదుపులోకి తెచ్చుకోవాలి. బొల్లి ఉన్నవాళ్లకు గాయం తగిలిన చోట కొత్త మచ్చ రావచ్చు. ఇంట్లో రక్తసంబంధీకులకు బొల్లి ఉన్నా ఆ మాట దాచకుండా చెప్పాలి. చెవి కుట్టిన చోటో, టీకా వేసిన చోటో కండ పెరిగే తత్వం ఉన్నవాళ్లు, గర్భిణులు, షుగరు అదుపులో లేనివాళ్లు ఆగాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా, ఇదివరకు వాడినా ఆ మాట, ఎప్పటి వరకు వాడారో చెప్పాలి. పెదవి మీద ఎప్పుడైనా జ్వరం పొక్కులు వచ్చిన వాళ్లు తప్పకుండా చెప్పాలి. లేజర్ ఆ హెర్పిస్ వైరస్‌ను లేపి ముఖమంతా పాకించగలదు. పైపొర తీసే లేజర్‌కు ముందు నుంచే వైరస్ మాత్రలు వేసుకుంటే ఆ గండం తప్పుతుంది.

ఇంకో మాట. మెడికల్ షాపులో మచ్చల క్రీమ్ అని చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాసుకుంటే చర్మం పలచబడి, సన్నని రక్తనాళాలు బయటికి కనపడుతూ, ఎండలోకి వెళితే మంట పుడుతుంది. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధన బిగించింది. అయినా వాడకం ఆగలేదు. అలాంటి ముఖానికి లేజర్ పెట్టడం పచ్చి పుండు మీద నిప్పు పెట్టడమే. ఏ క్రీమ్ వాడుతున్నారో, ఆ ట్యూబు ఇంట్లోంచి పట్టుకుని వెళ్లి డాక్టరుకు చూపించండి.

యంత్రం పట్టుకునే చెయ్యి ఎవరిది? ఎండీ డెర్మటాలజీ, డీడీవీఎల్ లేదా డీఎన్‌బీ చదివిన చర్మవైద్యులు అయి ఉండాలి. ప్లాస్టిక్ సర్జన్లు కూడా చేస్తారు. మందుల చీటీ మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. తెలంగాణలో అయినా, ఆంధ్రప్రదేశ్‌లో అయినా ఆ నంబరు సరైనదో కాదో కౌన్సిల్ దగ్గర సరిచూసుకోవచ్చు. "సంప్రదింపులకు డాక్టరు, లేజర్‌కు టెక్నీషియన్" అన్న పద్ధతి చాలా చోట్ల ఉంది. కాబట్టి మొహమాట పడకుండా అడగండి: లేజర్ ఎవరు చేస్తారు? డాక్టరు ఆ సమయంలో గదిలో ఉంటారా? నల్లబడితే ఏం చేస్తారు, దానికి మళ్లీ డబ్బు కట్టాలా? ముందు చిన్న చోట చేసి చూస్తారా? దవడ కిందనో, చెవి ముందో రూపాయి బిళ్లంత చోట పరీక్షగా చేసి, నాలుగు వారాలు ఆగి చూడటం మన రంగుకు ఉత్తమమైన భద్రత. "మా దగ్గర ఇవాళే చేస్తే యాభై శాతం తగ్గింపు" అన్న మాట వినపడితే, ఆ నాలుగు వారాల ఓపిక వాళ్లకు లేదని అర్థం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఉందని బోర్డు పెట్టడం కూడా మీ ముఖానికి హామీ కాదు. అనుమతి యంత్రానికి. దాన్ని మీ చర్మం మీద ఎంత శక్తికి పెట్టి తిప్పుతారన్నది మనిషి చేతిలో ఉంది.

డబ్బు సంగతి రెండు మాటల్లో. సౌందర్య చికిత్సలకు ఆరోగ్య బీమా వర్తించదు, పైగా 18 శాతం జీఎస్టీ పడుతుంది. ఒక్క సిట్టింగు ధర కాకుండా మొత్తం ఎన్ని, క్రీములతో కలిపి ఎంత అని అడగండి. ఆరు సిట్టింగుల డబ్బు ముందే కట్టేయకండి. రెండో సిట్టింగుకే చర్మం మొరాయిస్తే ఆగిపోయే స్వేచ్ఛ మీ దగ్గర ఉండాలి.

ఆ రోజు ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. ముఖం కడిగి, మొద్దుబారే క్రీమ్ దళసరిగా పట్టించి, దాదాపు గంటసేపు కూర్చోబెడతారు. పెదవుల దగ్గర క్రీమ్ తగిలి నాలుక కూడా మొద్దెక్కినట్టు ఉంటుంది. తుడిచాక కళ్లకు అడ్డు పెడతారు. రెప్ప మీద చేయాలంటే రెప్ప కిందే లోహపు కవచం పెట్టాలి. ఇది లేకుండా రెప్పల మీద లేజర్ ఒప్పుకోకండి. పక్కన ఒక గొట్టం చల్లగాలి ఊదుతుంటుంది, ఇంకో గొట్టం పొగ పీల్చుకుంటుంది. చర్మం కాలిన వాసన వస్తుంది, ముందే తెలియకపోతే అది గుండెల్లో దడ పుట్టిస్తుంది. చుక్కలు వరుసలు వరుసలుగా పడుతుంటే చిన్న చిన్న చురకలు. ముక్కు పక్కన, పై పెదవి మీద ఎక్కువ మండుతుంది. ముఖం మొత్తానికి అరగంటకు మించదు. మెడకు కూడా చేయాలంటే శక్తి బాగా తగ్గించాలి. గాయం మాన్పే కణాలు వెంట్రుకల కుదుళ్ల నుంచి వస్తాయి. మెడ మీద అవి తక్కువ, అందుకే అక్కడ మచ్చలు పడే అవకాశం ఎక్కువ.

ఇంటికొచ్చాక ఆ సాయంత్రం ఎండలో పనిచేసి వచ్చినట్టు మంట, వాపు. పైపొర తీసే రకం అయితే మరునాటి నుంచి సన్నని కాఫీ రంగు చుక్కలు కనపడి, వేలితో తాకితే గరుకుగా తగులుతాయి. ఐదు నుంచి ఏడు రోజుల్లో వాటంతట అవే రాలిపోతాయి. గోకితే మచ్చే. ఆ రోజుల్లో చేయవలసింది తక్కువ, చేయకూడనివి ఎక్కువ. గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగి, తడి అద్దుకుని, పెట్రోలియం జెల్లీ పలచగా రాయడమే వైద్యం. పసుపు వద్దు. నిమ్మరసం, తేనె, శనగపిండి, కలబంద గుజ్జు ఏదీ వద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే పసుపు పెట్టమంటారు. వాళ్లకు సర్దిచెప్పే బాధ్యత ఇంట్లో ఇంకొకరు తీసుకోవాలి, ఎందుకంటే మండుతున్న ముఖంతో వాదించడం కష్టం. నుదుటికి చేయించుకుంటే చర్మం పూర్తిగా మానేదాకా స్టిక్కర్ బొట్టు, కుంకుమ ఆపాలి. స్టిక్కర్ జిగురు పచ్చి చర్మానికి తగిలితే దురద, ఆ వెనకే నలుపు. ఇది మన ఆడవాళ్లకు చిన్న సంగతి కాదని నాకు తెలుసు. ముందే చెప్పి, ఏ వారం వీలో చూసుకుని మొదలుపెడితే బాగుంటుంది.

చర్మం మూసుకున్నాక అసలు కాపలా మొదలవుతుంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, యూవీఏను కూడా ఆపే సన్‌స్క్రీన్, చూపుడువేలు మధ్యవేలు పొడవునా పిండినంత, ముఖానికీ మెడకూ. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మామూలు వెలుతురు కూడా మన చర్మాన్ని నల్లబరుస్తుంది కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ మనకు మరీ మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం యూవీ సూచిక 11 దాటుతుంది. ఆ రోజుల్లో లేజర్ పెట్టుకోకండి. కార్తీకం నుంచి మాఘం దాకా నయం. చలికాలమని సన్‌స్క్రీన్ మానకూడదు. పొలానికో, స్కూటర్ మీద ఆఫీసుకో రోజూ ఎండలో తిరగక తప్పనివాళ్లకు లేజర్ కన్నా ముందు ఎండను తప్పించుకునే దారి కావాలి.

పెళ్లి సంగతి మరీ ముఖ్యం. పెళ్లికి పదిహేను రోజులుందనగా వచ్చి లేజర్ చేయమనే తల్లులు చాలామంది. ఆ పదిహేనో రోజుకు ముఖం ఎర్రగానో, నల్లగానో ఉండవచ్చు. కొల్లాజెన్ తయారయ్యేది మెల్లగా, మూడు నెలల నుంచి ఆరు నెలల దాకా. కాబట్టి ముహూర్తానికి కనీసం ఆరు నెలల ముందు మొదలుపెట్టండి, ఆఖరి సిట్టింగు రెండు నెలల ముందే ముగించండి. అలాగే డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి వచ్చి, ఇక్కడ ఖర్చు తక్కువని చేయించుకుని, వారానికే విమానం ఎక్కేవాళ్లున్నారు. వాళ్లతో నాకు ఒకటే పేచీ. నలుపు వచ్చేది మూడు నాలుగు వారాలకు. అప్పటికి చేసిన డాక్టరు ఏడు సముద్రాల అవతల ఉంటారు. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండేవాళ్లు ఉన్న ఊళ్లోనే గోధుమ రంగు చర్మాలకు అలవాటుపడ్డ డాక్టరును వెతుక్కోవడం మేలు.

లేజర్ వద్దనుకునే వాళ్లకు చేతులు ముడుచుకు కూర్చోవలసిన పని లేదు. ఆస్ట్రేలియాలోని నంబూర్‌లో 55 ఏళ్ల లోపున్న 903 మంది మీద నాలుగున్నరేళ్లు చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్ల చర్మంలో వార్ధక్యపు గుర్తులు, తోచినప్పుడు రాసినవాళ్ల కన్నా 24 శాతం తక్కువ పెరిగాయి. రాత్రిపూట బఠాణీ గింజంత ట్రెటినోయిన్ క్రీమ్ రాస్తే ఎండకు పడిన సన్నని గీతలు తగ్గుతాయని 1980ల నుంచీ తెలుసు. మొదట్లో చర్మం మండి పొట్టు లేస్తుంది, వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టాలి, గర్భిణులు వాడకూడదు. ఫలితానికి నెలలు పడుతుంది. నా దగ్గరికి వచ్చే నలభైల్లోని వాళ్లలో చాలామందికి నేను ముందు ఈ రెండే రాసిస్తాను. లేజర్ ఆలోచన ఆర్నెల్ల తర్వాత చేద్దామంటాను. ఆర్నెల్లకు కొందరు లేజర్ కావాలని తిరిగి వస్తారు, కొందరు ఆ క్రీముతోనే సంతోషపడి మళ్లీ రారు. ఇద్దరిదీ సరైన నిర్ణయమే. లేజర్ కావాలనుకునే వాళ్లు పొగ, చుట్ట మానేస్తే గాయం తొందరగా మానుతుంది.

చేయించుకున్నవాళ్లు మొదటి నెలలో ఫలితం గురించి బెంగపడకండి. అప్పుడు నునుపుగా కనపడేదాంట్లో కొంత వాపు ఉంటుంది. రెండో నెలలో అది తగ్గి, "మళ్లీ మామూలే అయిపోయింది" అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే లోపల కొత్త కొల్లాజెన్ తయారవుతుంటుంది. మొదలుపెట్టే ముందు ఉదయం పూట, ముఖం కడుక్కుని, బొట్టూ పౌడరూ లేకుండా, ఒకే కిటికీ ఎదురుగా నవ్వకుండా ఒక ఫొటో తీసుకోండి. మూడో నెలలో అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని డాక్టరుతో కూర్చుంటే, ఇంకో విడత కావాలో అక్కర్లేదో ఇద్దరికీ తెలిసిపోతుంది.